వద్దని చెప్పిన మనిషి

అట్లాంటా ఎయిర్‌పోర్ట్‌లో నా ఫ్లైట్ లేటైంది. ఎదురుగా టీవీలో, యుద్ధంలో కూలిపోయిన ఒక ఊరిని చూపిస్తున్నారు. పక్క సీట్లో ఉన్న యూరప్ పెద్దాయన, "ఈ ఊరికి సాయం పంపే తీర్మానం నేనే రాశాను" అన్నారు. ఒక సైనిక కూటమిలో తన దేశం తరఫున దౌత్యవేత్తగా పనిచేసి రిటైరయ్యారట.

"మరి సాయం వెళ్ళలేదా?" అని అడిగాను.

"అక్కడ ఓటింగ్ ఉండదు. తీర్మానం అన్ని దేశాలకీ పంపిస్తారు. గడువులోగా ఎవరూ మాట్లాడకపోతే పాసైనట్టే. ఒక్కరు వద్దన్నా ఆగిపోతుంది."

మౌనం అర్ధాంగీకారమని మా భాషలోనూ అంటామని చెప్పాను. ఆయన తలూపారు.

"అందర్నీ నెలల తరబడి బతిమాలి ఒప్పించాను. చివరికి మా రాజధాని నుంచే ఆర్డర్ వచ్చింది, వద్దని చెప్పమని. ఆ ఈమెయిల్ నేనే పంపాను."

"పంపకుండా ఉండాల్సింది కదా!"

"ఆ కుర్చీలో కూర్చునేది నేను కాదమ్మా, మా దేశం. నేను పంపకపోతే ఇంకొకరు పంపేవారు."

ఆయన కళ్ళజోడు తీసేసి, టీవీ వైపే ముఖం పెట్టి కూర్చున్నారు. ఇంతలో నా ఫ్లైట్‌కి బోర్డింగ్ పిలిచారు.

ఆ ఊరి పేరు వార్తల్లో రావడం ఎప్పుడో మానేసింది. నేను అప్పుడప్పుడూ ఫోన్‌లో వెతుకుతుంటాను. కొత్తగా ఏమీ దొరకదు.