పోలమ్మ ఇచ్చిన సమ్మతి

కోవిడ్ తగ్గిన మరుసటి వేసవిలో అనకాపల్లిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి నన్ను క్లినికల్ ట్రయల్ కోఆర్డినేటరుగా నియమించింది. పదవీ విరమణకు ముందు నేను చేసిన చివరి ఉద్యోగం అది. వారానికొక ఇంజెక్షనుతో బరువు తగ్గించే కొత్త మందుపై పరీక్ష. కొందరికి మందు, కొందరికి వట్టి ఉప్పునీరు. ఎవరికి ఏది వెళ్తోందో రోగికీ తెలియదు, ఇచ్చే డాక్టరుకూ తెలియదు. చేరేవారికి అన్నీ వివరించి, వీడియో కెమెరా ముందు సమ్మతి తీసుకోవడం నా బాధ్యత. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. కాగితంలో ఉన్న ఒక్క వాక్యమూ వదిలేవాణ్ణి కాను.

చాలామంది సూది అనగానే వెనక్కి తగ్గేవారు. నక్కపల్లి దగ్గర తీరగ్రామం నుంచి వచ్చిన చేపలమ్మే పోలమ్మ మాత్రం వెంటనే ఒప్పుకుంది. "సినిమా తీత్తన్నారేటి బావూ? ఇంత లావు ఈరోయిన్ని ఎవులు సూత్తారు?" అని కెమెరా వైపు చూసి నవ్వింది. బరువు మరీ వేగంగా పడిపోతే ఇంజెక్షను ఆపేస్తామన్న వాక్యం దగ్గర నవ్వు ఆపి, మళ్ళీ చెప్పమంది. చెప్పాను.

రెండో నెలలో ఆమె చార్టు నన్ను కలవరపెట్టింది. ప్రతి వారమూ ఎనభై నాలుగు కిలోలే. ఎదుట నిలబడిన మనిషికి బుగ్గలు లోపలికి పోయాయి. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. తూకపు యంత్రాన్ని రెండుసార్లు సరిచూయించాను. లోపం లేదు. పట్టపగలు, అంతమంది నడుమ, ఆమె యంత్రమెక్కుతుంటే, ఆమెతో పాటు మరెవరో ఎక్కుతున్నట్టుండేది. అంకె సరిగా ఉండగా డాక్టరుగారికి ఏమని చెప్పాలో తెలియక ఊరుకున్నాను. అది నా తప్పు.

పదకొండో వారం ఆమె యంత్రం మీదే కూలిపోయింది. ఈసీజీ కోసం చీర వదులుచేసిన నర్సు కేక వేసింది. నడుము చుట్టూ, వల మునగడానికి కట్టే సీసపు గుండ్లు, వరసలు వరసలుగా. రేవులో చేపలు తూచే కాటా మీద తనను తాను తూచుకుని, తగ్గినంత సీసం కట్టుకుని వచ్చేదట.

తెలివి వచ్చాక కారణం అడిగాను.

"సన్నబడితే సూది ఆపేత్తామని మీరే కదా సెప్పేరు. మా మావ సంద్రం మీద ఏటకెళ్ళి తిరిగి రానేదు బావూ. ఆ కాడ్నుంచీ నా కడుపు నిండినా లోపల ఇంకొకలు ఆకలి, ఆకలంతంటే, ఆడి వాటా కూడా నానే తినీదాన్ని. సూదేసినాక ఆడు అడగడం మానేసేడు. ఆడు మానేసినాక నాకూ అన్నం సయించనేదు."

ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రమే రహస్య సంకేతం విప్పి, రోగికి ఏది వెళ్ళిందో చూడవచ్చు. డాక్టరుగారు విప్పారు. పోలమ్మకు వెళ్ళింది ఉప్పునీరే.

పరీక్ష నుంచి తొలగించి, వార్డులో చేర్చి, గంజితో మొదలుపెట్టాం. నిజం చెప్పే పని నాకే పడింది. విని, జారిన గాజులు పైకి తోసుకుంది. తర్వాత, "అయితే ఆ నీల్లే ఏయండి బావూ" అంది.

వేయలేదు. నాలుగో రోజు ఆమె మంచం పక్కన ఖాళీ కంచాలు రెండు కనిపించాయి.

ఒప్పుకోనివారిని ఎందుకని అడిగి, కారణం రాసుకోవడం మా పద్ధతి. ఒప్పుకున్నవారిని అలా అడిగే గడి ఏ ఫారంలోనూ లేదు. అప్పటి నుంచి విరమణ దాకా, కెమెరా పెట్టక ముందే ఒప్పుకున్న ప్రతి ఒక్కరినీ నేను ఎందుకని అడిగాను.