ఎర్రమచ్చల ఉప్పుచేప

నాలుగేళ్ల క్రితం మాట. ఉప్పులోనే బతికే కొత్త రకం బాక్టీరియా కోసం వెతకడమే నా పీహెచ్‌డీ పని. పాత ఉప్పుచేపల మీద లేచే ఎర్రమచ్చల్లో అలాంటివి ఉంటాయి. సెలవులకు దమ్మపేట వచ్చి సంతకు వెళ్లాను. ఒక ముసలామె దగ్గర, గ్లవ్స్ తొడుక్కొని మరీ, ఎర్రబడిన ముక్కలే ఏరి కొన్నాను. ఒక ముక్క గాజు గొట్టంలో వేసి, ల్యాబ్ అలవాటు కొద్దీ ఆమె పేరడిగి చీటీ మీద రాశాను. కొంప మునిగింది అక్కడే.

"మంచియి ఇడిసిపెట్టి చెడ్డయే ఏరుతున్నవ్. పేరు గూడ రాస్తున్నవ్. నా మీద కేసు రాయమని ఎవరు పంపిండ్రు నిన్ను?" అంటూ నా చెయ్యి పట్టుకుంది.

"నేను ఆఫీసర్ని కాదు పెద్దమ్మా, చదువుకుంటున్నా" అన్నాను.

ఎవరూ నమ్మలేదు. చుట్టుపక్కల చేపలమ్మే ఆడవాళ్లు మీదికొచ్చారు. ఒకామె నా సంచి లాక్కుంది. ముసలామె చీటీ చింపి నా ముఖాన కొట్టింది. బస్టాండు దాకా తిట్లు వెంటొచ్చాయి. పిడికిట్లో ఆ గొట్టం ఒక్కటే మిగిలింది.

అందులోది కొత్త జాతేనని తేలడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ ఆమెను తలుచుకుంటే ఒళ్లు మండేది. అయినా స్వీట్ల డబ్బా పట్టుకొని మళ్లీ సంతకు వెళ్లాను.

"లోకంలో ఎవరూ చూడని బాక్టీరియా నీ చేపల్లో దొరికింది పెద్దమ్మా" అన్నాను, గర్వంగా, గట్టిగా.

బేరమాడుతున్న ఇద్దరు చేతిలోని చేపలు కింద పెట్టి వెళ్లిపోయారు.

ఈసారి ఆమె తిట్టలేదు. "అప్పుడు చీటీ మీదనే రాసినవ్. ఇప్పుడు సంతంత ఇనేటట్టు చెప్తున్నవ్" అంది.

డబ్బా ముట్టుకోలేదు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, ఆమె మీద మాత్రం కాదు.