దిగే చోటు

మా అక్క మొగుడికి ఊళ్లో పేరు తలకట్టు. బోర్డులు రాసేవాడు. ఒక వరుసలో అక్షరాల ఒళ్లన్నీ ముందు రాసేసి, తలకట్లూ గుడులూ కొమ్ములూ చివర్లో ఒక్క ఊపున పెట్టుకుంటూ పోవడం ఆయన పద్ధతి. అలా చేస్తే అన్నీ ఒకే ఎత్తులో కుదురుతాయనేవాడు. మధ్యలో టీకి లేచాడంటే మాత్రం ఆ బోర్డు ఏ భాషో ఎవరికీ అంతు చిక్కేది కాదు. కొత్తగా వచ్చిన ఆఫీసరొకాయన సగం రాసిన బోర్డు చూసి, "ఇదేం రాతయ్యా, మనుషులు చదవొద్దా?" అని కేకలేశాడు. బావ టీ పూర్తిగా తాగి, గ్లాసు కడిగి బోర్లించి, నిదానంగా వచ్చి తలకట్లు పెట్టాడు. "ఇప్పుడు చదవండి సార్" అన్నాడు.

నాదీ బోర్డుల పనే. కంప్యూటర్లో అక్షరాలు కొట్టి, మిషన్‌తో స్టిక్కర్లు కత్తిరించి అతికిస్తాను. "నువ్వు అతికిస్తావు, నేను రాస్తాను" అని బావ దెప్పేవాడు. "చెయ్యి వణికిన రోజున నా షాపుకే వస్తావులే" అని నేనూ ఊరుకునేవాణ్ని కాదు. బావా బావమరుదులం, ఆ మాత్రం లేకపోతే ఎలా? కానీ ఆయన రాసిన 'క్ష' లాంటి 'క్ష' నా కంప్యూటర్లో ఇప్పటికీ లేదు. ఆయన ముందు ఒక్కసారీ ఆ మాట ఒప్పుకోలేదు నేను.

ఇరవై ఆరేళ్లు పర్యాటక శాఖకి రాశాడు. రాష్ట్రంలో చూడదగ్గ చోట్లు ముప్పై ఎనిమిదని శాఖవాళ్ల లెక్క. ఏటా జనం రావడం మొదలయ్యే ముందు, రంగు డబ్బాలేసుకుని శాఖ జీపులో బయల్దేరేవాడు. కొండమీది కోట, రాతి గుహలు, పక్షుల సరస్సు, పాత వంతెన, సముద్రం ఒడ్డున దీపస్తంభం, అన్నీ తిరిగి, వెలిసిన అక్షరాల మీద మళ్లీ రంగేసి రెండు నెలలకి ఇల్లు చేరేవాడు. కోట బురుజు మీద గాలికి డబ్బా ఎగిరిపోకుండా నడుముకి కట్టుకుని రాసేవాడట. గుహల్లో వెలుతురు చాలక, వాచ్‌మన్ చేత రేకుమూత పట్టించి, బయటి ఎండని లోపలికి మళ్లించుకుని రాసేవాడట. ఏ చోట ఎండ ఎటు పడుతుందో, ఏ స్తంభం ఏ పక్క పుచ్చుతుందో ఆయనకి కంఠతా వచ్చు.

"లోకమంతా తిరిగొచ్చి ఒక్క ముక్క చెప్పడు, చొక్కాకి మరకలు మాత్రం తెస్తాడు" అని అక్క సాధించేది. ఒకసారి పట్టుబట్టి సరస్సుకి తానూ వెళ్లింది. వేల పక్షులు ఒక్కసారి లేచాయట. అక్క నోరు తెరుచుకుని చూస్తుంటే, బావ 'నిశ్శబ్దం' అన్న బోర్డు ముందు కూలబడి, 'బ' కడుపులో రంగు పెచ్చు లేచిందని గోటితో గీరుతున్నాడట.

ముప్పై ఎనిమిదిలో ఏది బాగుంటుందని నేనొకసారి అడిగాను. ఆలోచించకుండానే చెప్పాడు, జలపాతమని. మూడు అంచెలుగా నీళ్లు పడతాయి. ఆ హోరులో పక్కవాడు చెవిలో అరిస్తే తప్ప వినపడదు. "అక్కడ నోటిమాట పనికిరాదురా. బోర్డే మాట్లాడాలి" అన్నాడు. అన్నప్పుడు ఆ మొహంలో గర్వం నాకు బాగా గుర్తు.

ఆ జలపాతం దగ్గర, మెట్ల మీద అడ్డంగా నిలబడి జనం ఫోటోలు తీసుకోవడం వల్ల దారి ఆగిపోతోందని, పక్కనే నీళ్ల అంచున ఉన్న చదును బండని ఫోటోల కోసం కేటాయించారు. బోర్డు మీద రాయమని ఆఫీసు ఇచ్చిన కాగితంలో 'ఛాయాచిత్రములు తీసుకొను స్థలము' అని ఉంది. బావకి ఒళ్లు మండింది. ఛాయాచిత్రములు ఎవడు తీసుకుంటాడు, జనం ఫోటోలు దిగుతారు గానీ అన్నాడు. ఆఫీసరుతో వాదించి ఒప్పించి, పై వరుసలో 'ఫోటోలు' అని ఎర్రగా, కింది వరుసలో 'దిగే చోటు' అని నీలంగా రాశాడు. అందరికీ నచ్చింది. జనం ఆ బోర్డు పక్కన నిలబడి కూడా ఫోటోలు దిగేవారు.

ఎరుపు ఎండకి ముందు పోతుంది. ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ అది తెలుసు. అందుకే ఏటా వెళ్లి ఎరుపు వేసేవాడు. ఒక్క ఏడాది వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో చెప్పడానికి నాకు నోరు రావడం లేదు గానీ చెప్పాలి. నేను కొత్త షాపు తెరిచింది ఆ వారమే. బావ లేకుండా తెరవనని భీష్మించాను. "ఆ ఒక్క చోటూ మానేస్తే కొంపలేం మునగవు" అన్నాను. నా మాట కాదనలేక తిరిగొచ్చేశాడు. జలపాతం వచ్చే ఏటికి వాయిదా పడింది.

రెండు నెలలు గడిచాక ఒక పొద్దున్నే ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. జలపాతంలో ఒకావిడ పోయింది, విచారణకి పైనుంచి వస్తున్నారు, వెంటనే వెళ్లి బోర్డులన్నీ కొత్తగా కనపడేలా చెయ్యమన్నారు. బావ వెళ్లాడు. హెచ్చరికల బోర్డులు రాశాడు. తర్వాత చదును బండ దగ్గరికి వెళ్లి చూస్తే, పై వరుస తెల్లగా ఉంది. దగ్గరికెళితే గులాబీ మరకలాంటిది కనపడీ కనపడకుండా ఉంది. కింద నీలం మాత్రం చెక్కుచెదరలేదు. ఆ మరక మీదే మళ్లీ ఎర్రగా 'ఫోటోలు' అని రాశాడు.

రాసి బ్రష్ కడుగుతుంటే వాచ్‌మన్ వచ్చి చెవిలో చెప్పాడు. "పోయినావిడకి చదువు రాదంట. ఏం రాసుందని మొగుణ్ని అడిగితే ఆయన చదివి చెప్పాడంట. దిగే చోటని ఉంది కదా అని కాళ్లు తడుపుకోడానికి దిగిందంట. దుఃఖంలో మతి పోయింది పాపం, ఏదేదో అంటున్నాడు."

బావ బోర్డు వంక తిరిగాడు. ఎరుపు ఇంకా తడిగానే ఉంది. గుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోయేది. చేతిలో గుడ్డ కూడా ఉంది. తుడవలేదు. మెట్ల మీద అప్పటికే విచారణవాళ్లు దిగుతున్నారు.

వాళ్లు బోర్డుని ఫోటో తీసుకున్నారు. బోర్డు స్పష్టంగా ఉందనీ, తప్పు ఆ మొగుడూ పెళ్లాలదేననీ కాగితం రాసుకున్నారు.

ఇంటికొచ్చి బావ నాకొక్కడికే చెప్పాడు. నేనేమన్నానో కూడా దాచను. "నోరు మూసుకుని కూర్చో. పోయినావిడ ఎలాగూ తిరిగి రాదు. ఉన్నవాళ్లం మనం బతకాలి" అన్నాను. అందులో బావ కోసం ఎంతో, నా కోసం ఎంతో నాకే తెలియదు. ఆయన ఆ తర్వాత నన్ను దెప్పడం మానేశాడు. నేను కావాలని కవ్వించినా ఊఁ అని ఊరుకునేవాడు. అక్క వడ్డించిన కంచం ముందు నుంచి సగంలో లేచిపోయేవాడు. ఒంట్లో బాగాలేదేమోనని అక్క డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. నాకు తెలిసి కూడా అక్కకి చెప్పలేదు.

మరుసటి ఏడు మళ్లీ బయల్దేరాడు. జలపాతం దాకా వెళ్లి, మిగతా చోట్లు వదిలేసి జీపు దిగి బస్సెక్కి వచ్చేశాడు. నేరుగా నా షాపుకి వచ్చాడు.

"ఆయన మూడుసార్లు వచ్చాడంట" అన్నాడు.

"ఎవరు?"

"ఆవిడ భర్త. వచ్చి బోర్డు ముందు నిలబడతాడంట. ఈ పై మాట అప్పుడూ ఉందా అని వాచ్‌మన్‌ని అడిగాడంట. ఉందనే చెప్పమని ఆఫీసువాళ్ల ఆర్డరు. అయితే నా కళ్లదే తప్పు అని వెళ్లిపోయాడంట. టైలరంటరా ఆయన. టేపు మీద అంకెలు కూడా నమ్మలేక, కత్తెర పట్టుకోవడం మానేశాడంట. తప్పు చదివి చెప్పాడని కూతురు మాట్లాడదంట ఆయనతో."

నేను చేతిలో ఉన్న స్టిక్కరు పక్కన పెట్టాను.

"వాచ్‌మన్ ఊరు చెప్పాడు. నువ్వు రాకపోయినా నేను ఆయన దగ్గరికి వెళ్తున్నాను" అన్నాడు.

వెళ్లాం. బస్సులో నాలుగు గంటలు. దారంతా నేను వెనక్కి లాగుతూనే ఉన్నాను. పని పోతుందన్నాను, కేసవుతుందన్నాను, అక్క మొహం చూడమన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

వీధి మీదకే ఉంది టైలరు షాపు, వెనక ఇల్లు. రెండు కుట్టు మిషన్లుంటే ఒకదాని మీద గుడ్డ కప్పి ఉంది. రెండోదాని మీద కూతురు కుడుతోంది. పాతికేళ్లుంటాయి. గోడ వారగా స్టూలు మీద టైలరు కూర్చుని, విప్పిన కుట్టు దారాలు ఏరుతున్నాడు. చిన్నపిల్లలకి చెప్పే పని అది.

"కొలతలివ్వడానికా?" అంది ఆ అమ్మాయి.

"కాదమ్మా. జలపాతం దగ్గర బోర్డు రాసింది నేను" అన్నాడు బావ.

మిషన్ ఆగింది. తండ్రి తలెత్తాడు.

బావ కత్తిరింపు బల్ల దగ్గరికి వెళ్లి, అక్కడున్న చాక్ ముక్క తీసుకున్నాడు. పై వరుసలో ఫోటోలు అని, కింద దిగే చోటు అని రాశాడు. ఒళ్లు ముందు, తలకట్టు తర్వాత కాకుండా, అందరిలాగే ఒక్కో అక్షరం పూర్తి చేసుకుంటూ రాశాడు. ఆయన అలా రాయడం నేనెప్పుడూ చూడలేదు. రాసి, పై మాటని అరచేత్తో తుడిచేశాడు.

"ఆ రోజు మీకు కనపడింది ఇదే. పై మాట ఎండకి పోయింది. ఏటా వెయ్యాల్సింది, ఆ ఏడు నేను వెయ్యలేదు. మర్నాడు వెళ్లి వేశాను. మీరు సరిగ్గానే చదివారు. మీ కళ్లకేం కాలేదు."

ఆ అమ్మాయి లేచి వచ్చి బల్ల మీద చూసింది. "దిగే చోటు" అని పైకి చదివింది. మళ్లీ చదివింది.

ఆయన స్టూలు మీద నుంచి కదల్లేదు. "మీకెప్పుడు తెలిసింది?" అన్నాడు.

"మర్నాడే."

"మర్నాడే" అన్నాడాయన. కోపంగా కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని బావ తర్వాత నాతో అన్నాడు. నాకూ అలాగే అనిపించింది.

"ఆ వారం ఆయన్ని వెళ్లనివ్వంది నేను" అన్నాను. ఎవరూ అడగలేదు. ఎవరూ నా వైపు చూడనూ లేదు.

ఆ అమ్మాయి బల్ల సొరుగులోంచి ఒక నోటుబుక్కు తీసి, కాగితం చింపి బావ ముందు పెట్టింది. "ఇప్పుడు చెప్పిందంతా రాసి సంతకం పెట్టండి" అంది.

ఆ కాగితం ఆఫీసుకి చేరితే పని పోతుందని బావకి తెలుసు. పోయింది కూడా. ఇప్పుడు నా షాపులో కూర్చుంటాడు, నా అక్షరాలకి వంకలు పెడుతూ. కానీ ఆ రోజు ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. రెండు వైపులా నిండేలా రాశాడు. ఏ తేదీన రంగు వెయ్యాలో, ఎందుకు వెయ్యలేదో, మర్నాడు ఏ పూట వేశాడో, వాచ్‌మన్ ఏమన్నాడో, గుడ్డ చేతిలో ఉండి కూడా ఎందుకు తుడవలేదో. సంతకం పెట్టి ఆమె చేతికిచ్చాడు.

ఆమె దాన్ని తీసుకెళ్లి తండ్రి ముందు పెట్టింది. ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వు చదవమ్మా. నేను చదివితే ఏం చదువుతానో" అన్నాడు.

ఆమె కింద, ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. ఏడాదిగా మాట్లాడని కూతురు.

"నువ్వే చదువు నాన్నా" అంది. "నేను వింటాను."

ఆయన కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి పెట్టుకున్నాడు. మొదటి మాట మీద వేలు పెట్టి, పైకి చదవడం మొదలుపెట్టాడు.