బీరువాలోని సూక్ష్మదర్శిని

పందొమ్మిది వందల డెబ్బై మూడు నుంచి గంగాధరప్ప కంబదూరు దాపున ఒక హైస్కూల్లో సైన్సు చెబుతున్నాడు. సూక్ష్మదర్శిని బొమ్మను నల్లబల్ల మీద గీసీ గీసీ ఆయన చేతికి విసుగొచ్చింది. అసలుది మాత్రం బీరువాలో ఉండేది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు, సర్కారు పంపింది గానీ హెడ్మాస్టరు తాళంచెవి ఇవ్వలేదు. ఏడాదికొకసారి ఆయుధపూజకు బయటికి తీసేవాళ్లు. ప్యూను చెన్నప్ప భక్తికొద్దీ అద్దానికే గంధం బొట్టు పెట్టేవాడు. మరునాడు గంగాధరప్ప దాన్ని తుడిచి లోపల పెట్టేవాడు. పన్నెండేళ్లలో దానితో ఆయన చేసిన ప్రయోగం అదొక్కటే.

ఎనభై అయిదులో హెడ్మాస్టరు మారాడు, తాళంచెవి చేతికొచ్చింది. అది కరువు ఏడాది. ఊరికంతా మిగిలినవి దిగుడుబావి అడుగున పచ్చటి నీళ్లే. గంగాధరప్ప ఆ నీళ్లే ఒక చుక్క గాజుపలక మీద వేసి, ఎనిమిదో తరగతి పిల్లలను వరసగా నిలబెట్టాడు.

"నేను చెప్పినానని నమ్మొద్దండి. మీ కండ్లతో చూసి చెప్పండి" అన్నాడు.

చుక్కలో పురుగులు ఈదుతున్నాయి. పిల్లలు తోసుకుంటూ చూశారు. ఆ పూట ఆయనకు అన్నం కూడా గుర్తుకు రాలేదు.

మరునాడు పొద్దున్నే ఓబులమ్మ కూలి మానుకుని, ఆ తరగతిలోనే చదివే కూతురు తిమ్మక్కను రెక్క పట్టుకుని బడికి తెచ్చింది. రెండో చేతిలో బావినీళ్ల చెంబు.

"నిన్నట్నుంచి గుక్కెడు తాగలేదు అయ్యవారూ. పురుగులుండాయంట. ఇంగో బావి యాడుండాది?"

"కాచి ఇయ్యమ్మా."

"సంగటికే కట్టెల్లేవు."

గంగాధరప్ప తన తువ్వాలు నాలుగు మడతలు వేసి నీళ్లు వడకట్టాడు. వాటినీ చూస్తానంది తిమ్మక్క. చూసింది.

"పెద్దవి పోయినాయి. సన్నవి ఇంకా తిరుగుతాండాయి సార్."

పిల్ల పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. ఆయన కూడా చూశాడు. లేవని చెప్పడానికి నోరు రాలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని తనను తానే తిట్టుకున్నాడు. గ్లాసు నింపి, పిల్ల ఎదురుగానే గటగటా తాగేశాడు.

"నాకేమీ కాలేదు గదా. నీకూ కాదు. నా మాట నమ్ము తల్లీ."

తిమ్మక్క ఆయన మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత గ్లాసు అందుకుని, కళ్లు గట్టిగా మూసుకుని తాగింది. ఓబులమ్మ దండం పెట్టి వెళ్లిపోయింది.

గంగాధరప్పకు తల కొట్టేసినట్టయింది. సూక్ష్మదర్శినిని తనే బీరువాలో పెట్టి తాళం వేశాడు. మళ్లా ఎప్పుడు చూపిస్తారని పిల్లలు అడుగుతూనే ఉన్నారు.

"వాన పడనీండప్పా" అనేవాడు.