పంచాయితీ తెగకముందే చాయ్

మొన్న పొద్దున నాగర్‌కర్నూల్‌లో మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఉడకబెట్టిన పల్లికాయలు ఒలుచుకుంటున్నాను. ఉత్తరాన కొండల్లో ఉండే పొరుగుదేశానికి మన కొత్త రాయబారి వెళ్లారట. ఆ దేశపు పెద్దలతో చేతులు కలిపారు, శాలువా కప్పించుకున్నారు, మెత్తటి సోఫాలో కూర్చుని పింగాణీ కప్పు ఎత్తారు. కప్పు ఆయన పెదవికి తగిలిందో లేదో, నా ఫోను మోగింది. వడ్డేపల్లి నుంచి మా మేనత్త.

"చూస్తున్నవా అల్లుడా? ఈయన గూడ తాగబట్టె!"

"ఏంది అత్తా తాగేది?"

"చాయ్! పోయిండో లేదో చాయ్ తాగుతుండు. ఇగ అయిపాయె మన పని."

నవ్వాలో తల పట్టుకోవాలో తెలియలేదు. ఆమె కోపం అర్థం కావాలంటే మా వైపు పంచాయితీల సంగతి కొంత చెప్పాలి. ఆడపిల్లకు అత్తవారింట కష్టమొస్తే పుట్టింటి తరఫున ఒక పెద్దమనిషి వెళ్లి కూర్చుంటాడు. పంచాయితీ తెగేదాకా ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టడు. ముట్టాడంటే మెత్తబడ్డాడనే లెక్క. మా అత్తను తిమ్మాజిపేట నుంచి కృష్ణకు అవతల ఇచ్చారు. అప్పట్లో మాకు కృష్ణ దాటితే పరదేశమే. వనపర్తిలో ఒక బస్సు, గద్వాలలో ఒక బస్సు మారేసరికి మనుషుల మాట కూడా మారిపోయి, మధ్యమధ్యలో కన్నడం ముక్కలు పంటికింద తగిలేవి. పెళ్లయిన కొత్తలో ఆమెకు కష్టమొస్తే పెద్దమనిషిగా వెళ్లింది ఆమె అన్న, అంటే మా నాన్న. ఎండన పడి వెళ్లాడు. వాళ్లు చాయ్ ఇచ్చారు. తాగాడు. "రెండు దిక్కుల మనోళ్లే గదా" అన్నాడు, కడుపునిండా అన్నం తిని తిరిగొచ్చాడు. నాన్న పోయి చాలా కాలమైంది గాని, ఆ చాయ్ మాత్రం మా అత్త మనసులో ఇంకా పొంగుతూనే ఉంది.

అత్తకు ఒక్కడే కొడుకు, నాకు బావ. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా మా పాలమూరు చేతులు పడనిది లేదు. ఆ వరసలోనే బావ కొన్నేళ్ల కిందట ఆ కొండల దేశంలో రోడ్డు పనికి, పొక్లెయిన్ నడపడానికి వెళ్లాడు. ఒకరోజు అతను తవ్వుతున్న వాలు మీంచి బండరాయి జారి కిందనున్న ఇంటి మీద పడింది. లోపలున్న ముసలాయన కాలు విరిగింది. కేసయింది. బెయిలు దొరికింది గాని, తీర్పు వచ్చేదాకా దేశం దాటకూడదన్నారు. పనికి తీసుకెళ్లిన కాంట్రాక్టరు ఫోను ఎత్తడం మానేశాడు.

"మన రాయబారి ఆడనే ఉంటడంట గదా, పోయి కూసోమను. కొడుకును తోల్కరమ్మను" అంది అత్త, పక్కవీధి మనిషిని గురించి చెప్పినట్టు.

మా వాళ్లలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చిన రిటైర్డు గుమాస్తాను నేనే కాబట్టి ఆ పని నా మెడకు చుట్టుకుంది. రాయబారికి రాయబారినయ్యాను. వాళ్ల ఆఫీసులో మర్యాదగానే మాట్లాడతారు, అబద్ధమెందుకు? రాయబారి అక్కడి కోర్టులో వేలు పెట్టలేరు. వకీలును చూపించగలరు, మనిషిని పంపి మంచిచెడు అడగగలరు, విచారణ త్వరగా ముగించమని కోరగలరు. చూపించారు. అడిగారు. కోరారు. వాయిదా పడింది. మళ్లీ కోరారు, మళ్లీ పడింది. రాయి ఒక్కసారే కదిలింది. రాయబారం ఒక్కసారీ కదలలేదు. ఈలోగా మొదటాయన బదిలీ అయ్యారు, రెండో ఆయన రిటైరయ్యారు. ఒకాయన వెళ్లినప్పుడల్లా ఫోన్లో కొత్త గొంతు పలికేది: "మొదటి నుంచి చెప్పండి." బండరాయి దగ్గర మొదలుపెట్టేవాణ్ని. ఇప్పుడు ఆ కొండను నేనే తవ్వినంత బాగా చెప్పగలను.

అత్తకు నచ్చజెప్పాలని చూశాను. "రాయబారి అంటె కొట్లాడేటోడు గాదత్తా. వాళ్లతోని మంచిగుండి మన మాట చెప్పాలె. ఇచ్చిన చాయ్ వద్దంటె ఎట్ల?"

"మీ నాయిన గూడ గిదే చెప్పిండు" అంది అత్త.

బావ మాత్రం అక్కడి భాష నేర్చేశాడు. కొత్తగా వచ్చిన మన కూలీలను దవాఖానకు తీసుకెళ్తాడట, వాళ్లకూ మేస్త్రీలకూ మధ్య గొడవైతే తనే సర్దుతాడట. ఆలోచిస్తే, ఆ దేశంలో మన తరఫున అందరికంటే ఎక్కువ కాలం ఉన్నది మా బావే. శాలువా ఒక్కటే తక్కువ. ఈమధ్య ఫోన్లో గొంతు తగ్గించి అన్నాడు: "బామ్మర్ది, గా కాలిరిగిన ముసలాయన ఇంటికి అప్పుడప్పుడు పోత. వద్దన్నా చాయ్ ఇస్తరు. తాగుత. ఆళ్లకు నా మీద కోపం లేదు. కోర్టుకే తీరుతలేదు. జర అమ్మకు చెప్పకు."

టీవీలో రాయబారిని చూసిన మర్నాడే వడ్డేపల్లి వెళ్లాను. ఇన్ని మాటలంటుందా, పొయ్యి మీద మొదట పెట్టేది చాయ్ గిన్నే. నాకొక గ్లాసు పోసి, తను ఉత్తచేతులతో ఎదురుగా కూర్చుంది. చాయ్ లేనిదే పొద్దు పొడవని మనిషి. కొడుకు చిక్కుకున్న నాటి నుంచి చుక్క ముట్టలేదని ఆ రోజే తెలిసింది.

"నువ్వు తాగత్తా" అన్నాను.

"పంచాయితీ తెగలే గదా. నువ్వు తాగు. నువ్వేమన్న పెద్దమనిషివా?"

బావ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చాయ్‌తో పాటు మింగేశాను. రాయబారుల కాలం ఇంత అని ఎక్కడో రాసి ఉంటుంది. మా అత్త కాలం మాత్రం, తను తాగని చాయ్‌ల మీదుగా, ఒక్కో పొద్దూ చల్లారిపోతూ నడుస్తోంది.