చెరువు దాటిన ప్లాస్మిడ్

మొన్న గుడివాడలో ఇంటర్ చదువుతున్న మనవరాలు ఫోన్ చేసి, ప్లాస్మిడ్‌కీ ప్లాస్టిడ్‌కీ క్రోమోజోముకీ తేడా చెప్పమంది. ప్లాస్టిడ్ మొక్కల కణాల్లో ఉంటుందనీ, ఆకు పచ్చగా ఉండడం దాని చలవేననీ, క్రోమోజోము బాక్టీరియా బతుక్కి కావలసినదంతా ఉండే అసలు డీఎన్ఏ అనీ, ప్లాస్మిడ్ దానికి విడిగా ఉండే చిన్న డీఎన్ఏ చుట్ట, మామూలుగా అది లేకపోయినా బాక్టీరియా బతికేస్తుందనీ చెప్పాను. ఆ పిల్ల రాసుకుని ఫోన్ పెట్టేసింది. ఈ తేడాలన్నీ ఉద్యోగంలో చేరేనాటికే నాకు కంఠతా వచ్చు. వచ్చి ఏం వెలగబెట్టానో నా ఈడువాళ్లకైతేనే చెప్పుకోగలను.

అప్పట్లో బీయస్సీ అయ్యాక బందరులో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే చిన్న ల్యాబులో కుదిరాను. తెల్లకోటు తొడుక్కున్నాక కాళ్లు నేలమీద ఆనేవి కావు. మా మేనమామకి దివిసీమలో ఒక చెరువుండేది, దాని పక్కది బాబాయిది. బాబాయంటే చుట్టరికమేం లేదు, వరస కలుపుకుని పిలవడమే. కొత్తగా నీళ్లు పెట్టిన చెరువులో సన్న నాచు పెరిగి రంగు తిరగకపోతే, బాగా నడుస్తున్న పక్క చెరువు నుంచి నాలుగు డ్రమ్ముల పచ్చనీళ్లు తెచ్చి పోసుకోవడం అక్కడి అలవాటు, పాలల్లో తోడు వేసినట్టు. అడిగితే లేదనేవాళ్లు కారు.

ఆ ఏడు బాబాయి అడిగేసరికి మావయ్యకి చిన్న అనుమానం వచ్చింది. తన చెరువులో రొయ్యలకి జబ్బు చేస్తే, అందరిలాగే మేతలో యాంటీబయాటిక్ కలిపి గట్టెక్కించాడాయన. అందుకని సీసాలో నీళ్లు పట్టుకుని బస్సెక్కి నా దగ్గరికొచ్చాడు. పరీక్షలో జబ్బు తెచ్చే బాక్టీరియా కనబడలేదు. ఆ మందుకి లొంగకుండా మొండిగా పెరిగినవి కొన్నున్నాయి గానీ, అవి రొయ్యల్ని ఏమీ చెయ్యని రకం. ఆ మొండితనం వాటి సంతానానికేగా పోయేది అనుకుని, మా ల్యాబు పెద్దసారుని ఒక్కమాట అడక్కుండానే, నిక్షేపంగా ఇవ్వండి మావయ్యా అనేశాను.

రెండు నెలలు తిరక్కుండా బాబాయి చెరువులో రొయ్యలు గట్టుకి చేరి చావడం మొదలైంది. ఆ నీళ్లు పరీక్షిస్తే ఈసారి కనబడింది జబ్బు తెచ్చే రకమే, పైగా మావయ్య వాడిన మందుకే అది లొంగలేదు. పెద్దసారు రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని, ప్లాస్మిడ్ అంటే ఏమిటో చెప్పమన్నారు. గడగడా అప్పజెప్పాను.

"అంతా బాగానే ఉందబ్బాయ్. అది ఎవరికి వెళ్తుంది?" అన్నారు.

మందుకి లొంగని గుణం తరచూ ప్లాస్మిడ్ మీదే ఉంటుందనీ, క్రోమోజోములా తల్లి నుంచి పిల్లకి పోవడమే కాదు, పక్కనున్న వేరే రకం బాక్టీరియాకి కూడా అది చేతులు మారుతుందనీ పరీక్షలో రెండు మార్కులకి రాసినవాణ్ణే నేను. నిరూపించే సాధనాలు మా ల్యాబులో లేవు గానీ, జరిగిందదే అయ్యుంటుందన్నారాయన.

బాబాయి పంట మొత్తం పోయింది. మందు వాడిన చెరువు నీళ్లని తెలిసీ పోయించాడని ఊరంతా మావయ్యని ఆడిపోసుకున్నారు, బాబాయి ఎదురుపడితే మొహం తిప్పుకునేవాడు. మావయ్య నా పేరు ఎత్తలేదు. వారం రోజులు నేనూ నోరు విప్పలేదు. ఉద్యోగం పోతుందన్న భయం కన్నా తెల్లకోటు పరువు పోతుందన్న బాధే ఎక్కువ, తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. చివరికి ఆదివారం అవనిగడ్డ బస్సెక్కి, గట్టుమీద కూర్చున్న బాబాయికి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"పరీక్ష చేయించి మరీ ఇచ్చాడా మీ మావయ్య? ఆ ముక్క నాకు చెప్పొచ్చు కదయ్యా" అని లేచి, మావయ్య చెరువువైపు నడిచాడు. వెనకే వెళ్లే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఊరూరా తిరిగి, మేతలో మందులు కలపొద్దనీ, ఒకరి చెరువు నీళ్లు ఒకరు పోసుకోవద్దనీ చెప్పాను. మొదటిది విన్నవాళ్లు కొందరే, రెండోది మాత్రం అందరూ విన్నారు. ఇప్పుడు రంగుకి కూడా షాపులో ప్యాకెట్లు దొరుకుతున్నాయి, పీతలూ పక్షులూ రోగం మొయ్యకుండా చెరువుల మధ్య వలలు కట్టారు, లీజుకొచ్చినవాళ్లకి పక్క చెరువాయన పేరైనా తెలియదు. మావయ్యా బాబాయీ ఇద్దరూ కాలం చేశారు. నేను చెప్పింది మంచి మాటే, అందులో అనుమానం లేదు. అయినా ఈమధ్య అటు వెళ్లినప్పుడు, రంగు తిరగని చెరువు దగ్గర దిగాలుగా ఒంటరిగా నిలబడ్డ రైతుని చూసి, పక్క గట్టుకేసి చూడొద్దని నేర్పినవాళ్లలో నేనూ ఒకణ్ణి కదా అనిపించి, కాసేపు ఆయన పక్కన నిలబడి వచ్చేశాను.