గడప ముందు పడుకున్న మనిషి

నీలం రంగు బోర్డు చూస్తే నాకిప్పుడు ఒళ్లు మండుతుంది. మా జిల్లాలో పాత గుడికి పోయినా, పాత కోటకు పోయినా ముందు అదే ఎదురొస్తుంది. ఇది రక్షిత కట్టడం, దీన్ని పాడు చేసినా, మార్చినా శిక్ష తప్పదు అని దాని మీద రాసి ఉంటుంది. సగం అక్షరాలు ఎండకు వెలిసిపోయి ఉంటాయి. దాని కాలికి ఎవరిదో మేకను కట్టేసి ఉంటారు. టీచరమ్మను కదా, బడి పిల్లలను వెంటేసుకుని ఇలాంటి చోట్లకు ఎన్నోసార్లు తిరిగాను. ముందు ఆ బోర్డు చదివించేదాన్ని. గోడ మీద చెయ్యి వేసినా కసురుకునేదాన్ని. అంత నమ్మకం నాకు ఆ రేకు ముక్క మీద.

మేముండేది తాడిపత్రిలో. నాయన రాతిపనివాడు. మొదట ఉలీ సుత్తీ పట్టి బండలు కొట్టాడు, తర్వాత చిన్న పాలిష్ ఫ్యాక్టరీ పెట్టాడు. ఇప్పుడు దాన్ని తమ్ముడు చూసుకుంటున్నాడు. మా ఊరికి బస్సులో గంట దూరంలో, ఒక గుట్ట వెనక, పాత శివాలయం ఉంది. దాని గడప ముందు నేల బండ మీద ఒక మనిషి బొమ్మ చెక్కి ఉండేది. బోర్లా పడుకుని, రెండు చేతులూ తల మీదుగా చాచి, లోపలి దేవుడికి మొక్కుతున్న మనిషి. గుడి కట్టిన రాతిపనివాడు, లోపలికి పోయే ప్రతి పాదమూ తన మీద పడాలని కోరుకుని, తన బొమ్మను తానే చెక్కుకున్నాడంటారు. ఆయన మా వంశంవాడేనని మా ఇంట్లో చెప్పుకుంటారు. రుజువు చూపమంటే నా దగ్గర లేదు. ఆ బొమ్మ వీపు మీద ఏడాది బిడ్డ పాదాలు రెండూ సరిగ్గా పడతాయి. మా ఇంట్లో నడక నేర్చిన ప్రతి బిడ్డనూ తీసుకెళ్లి అక్కడ నిలబెడతారు. నన్ను నిలబెట్టారు, తమ్ముణ్ణి నిలబెట్టారు. నాయనను వాళ్ల నాయన నిలబెట్టాడు.

ఈ ఎండాకాలం మొదట్లో తమ్ముడి కూతురు అడుగులు వేయడం మొదలుపెట్టింది. నాయనకు ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్మే. పది అడుగులు వేస్తే నిలబడి ఆయాసం తీర్చుకోవాలి. ప్రయాణం వద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. మేమూ చెప్పాం. ఆయన వినలేదు. ఇంకో బిడ్డ నడిచేదాకా తను ఉండనని, ఈ పాపను మాత్రం తన చేతులతోనే నిలబెట్టాలని మంకుపట్టు పట్టాడు. చివరికి కారులో మెల్లగా తీసుకుపోయాం.

గుడి లోపలికి పోగానే నాకు దారి తప్పామేమో అనిపించింది. నేలంతా నల్లటి పాలిష్ బండలు. కల్యాణ మంటపంలా నిగనిగలాడుతోంది. స్తంభాల అడుగున చెక్కిన ఏనుగులు మోకాళ్ల దాకా సిమెంటులో కూరుకుపోయి ఉన్నాయి. గడప ముందు కూడా అదే నలుపు. పడుకున్న మనిషి లేడు.

నేను కావలివాడి మీద పడ్డాను. నోటికొచ్చినట్టు తిట్టాను. అతను పాపం తల వంచుకుని నిలబడ్డాడు. శివరాత్రికి వచ్చే జనం కాళ్లకు గరుకు బండలు గుచ్చుకుంటున్నాయని ఊరి కమిటీవాళ్లు బండలు పరిపించారట. వద్దంటే అతణ్ణి తోసేశారట. పైఆఫీసుకు రెండుసార్లు రాశాడట, ఇంతవరకూ ఒక్కరూ వచ్చి చూడలేదట. నాకు కోపం దిగలేదు. ఆ బండ లేపి చూద్దామని, కారులో ఎప్పుడూ ఉండే ఫ్యాక్టరీ గడ్డపార తీసుకురమ్మని తమ్ముడికి చెప్పాను. అప్పుడు కావలివాడు గడపకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"బండ కదిలిస్తే కేసు అయితాదక్కా. ఇది రక్షిత కట్టడం."

నిన్నగాక మొన్న వేసిన బండకు రక్షణ. వందల ఏళ్లు పడుకున్న మనిషికి మాత్రం లేదు. నా నరాలు చిట్లిపోయేలా అరిచాను. అరుస్తూనే కిందికి చూశాను. గడప ముందరి బండ మీద అక్షరాలు చెక్కి, వాటిలో బంగారు రంగు నింపారు. ఈ బండలు సమర్పించిన దాత అని ఉంది. దాని కింద మా నాయన పేరుంది.

తమ్ముడు గడ్డపార తేవడానికి ఎందుకు కదల్లేదో అప్పుడు అర్థమైంది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. గుడికని వచ్చి రాయి అడిగితే కాదనకూడదు. ఏ గుడికి, ఎక్కడ పరుస్తారు అని అడగకూడదు. అలా అడిగితే దేవుడితో బేరమాడినట్టట. పోయిన సంవత్సరం నలుగురు పెద్దమనుషులు వచ్చి శివుడి గుడికి అన్నారు. తమ్ముడు మంచి బండలు ఏరి ఇచ్చాడు. లారీ కదిలేటప్పుడు ముందు చక్రం దగ్గర టెంకాయ కొట్టింది నేనే. నాయన ఆ రోజు ఎంత సంతోషపడ్డాడో.

"నేను అడగలేదక్కా. అడగకూడదు కదా," అన్నాడు తమ్ముడు. ఆ మాటకు వాణ్ణి కొట్టాలనిపించింది. కానీ నేను మాత్రం అడిగానా?

నాయన చేతికర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చాడు. గడప దగ్గర కూర్చున్నాడు. గోడ నుంచి జానలతో కొలుచుకుంటూ వచ్చి, తన పేరున్న చోట చెయ్యి ఆపాడు.

"ఈడనే ఉండాడు," అన్నాడు.

తరువాత చేతికర్ర పక్కన పెట్టి, చొక్కా విప్పి, ఆ బండ మీద బోర్లా పడుకున్నాడు. రెండు చేతులూ తల మీదుగా చాచాడు. నేను లేపబోతే చెయ్యి విదిలించుకున్నాడు.

"పాపను నా మింద నిలబెట్టు."

తన చేతులతో నిలబెట్టాలని వచ్చిన మనిషి, ఆ పని నాకు అప్పజెప్పాడు. పాప చంకల కింద పట్టుకుని, ఆయన వీపు మీద నిలబెట్టాను. ఊపిరి తీసినప్పుడల్లా ఎముకలు పైకి లేస్తుంటే పాప కిలకిలా నవ్వింది. గుడి చూడ్డానికి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు ఫోన్లు పైకెత్తారు. నేను చూసిన చూపుకు దించేశారు. కావలివాడు అటు తిరిగి నిలబడ్డాడు.

నాయనకు దగ్గు తెర వచ్చింది. పాపను ఎత్తుకున్నాను. ఆయన తనంతట తాను లేవలేకపోయాడు. తమ్ముడూ కావలివాడూ చెరో రెక్కా పట్టి లేపి, గడప మీద కూర్చోబెట్టారు. చాలాసేపు దగ్గి, నీళ్లు తాగి, మా ఇద్దరినీ చూశాడు.

"ఈసారికి నేనుండా. నేను పోయినాక పిల్లోళ్లను యాడ నిలబెడతారు?" అని అడిగాడు.

మేమిద్దరం ఆ నల్ల బండ మీదే నిలబడి ఉన్నాం.